ఆ ఫొటోలో నీ భుజాలు

చిరంజీవి లల్లీకి,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ అందరం బాగున్నాం. నాన్న మోకాలి నొప్పి కాస్త సర్దుకుంది. చిన్నోడికి పరీక్షలు అయిపోయాయి, ఇక పగలంతా నిద్రే. ఈ ఉత్తరం రాయడానికి ప్రత్యేకంగా కారణమేమీ లేదు. నువ్వు ఫోన్ చేసి 11 రోజులైంది, అంతే. పనుల్లో ఉంటావని నాకు తెలుసు.

మొన్న పిన్ని వచ్చింది. మాటల మధ్యలో తన ఫోన్లో నీ ఫొటో చూపించింది, పోయిన నెల స్నేహితులతో వెళ్లావే, అక్కడిది. వెనక్కి తిరిగి నవ్వుతున్నావు. చక్కగా ఉంది. కానీ భుజాల మీద చర్మం పొరలు పొరలుగా లేచి ఉంది. "ఎండకి కందిందిలే అక్కా, పొక్కులు కూడా వచ్చాయట, తగ్గిపోయాయి" అంది. అంటే పిన్నికి తెలుసు, నాకే తెలియదు. సరే, ఆ సంగతి వదిలెయ్యి.

వచ్చే నెల ట్రెక్కింగ్‌కి కొండల మీదికి వెళ్తున్నావని కూడా పిన్నే చెప్పింది. వెళ్లిరా, నేను వద్దనను. చల్లటి చోటు కదా, ఎండతో ఏం భయం అనుకుంటావేమోనని నా బెంగ. వేడి వేరు, చర్మాన్ని కాల్చే కిరణాలు వేరు. యూవీ అంటారే, ఆ అతినీలలోహిత కిరణాలు కంటికి కనపడవు, ఒంటికి వేడిగా తగలవు. పైకి వెళ్లేకొద్దీ గాలి పలచబడి వాటిని ఆపే అడ్డు తగ్గుతుంది. ప్రతి 1000 మీటర్లకీ దాదాపు 10 శాతం పెరుగుతాయి. దారిలో మంచు ఉంటే మీద పడినవాటిలో 80 శాతం దాకా తిరిగి మొహం మీదికే కొడుతుంది. అప్పుడు గడ్డం కింద కూడా కాలుతుంది. చల్లగా ఉండేసరికి ఎంతసేపు ఎండలో ఉన్నామో మనకే తెలియదు. నీ భుజాలు కాలిన రోజు కూడా మబ్బు పట్టి ఉందట, పిన్ని చెప్పింది.

మీ నాన్న సంగతి నీకు గుర్తుండదు, నీకప్పుడు నాలుగేళ్లు. అందరం కలిసి సముద్రానికి వెళ్లాం. ఆ రోజూ పలచగా మబ్బు. నాన్న పల్చటి తెల్ల కాటన్ చొక్కా వేసుకున్నారు, ఎండకి తెలుపే మంచిదని. అది నేనే తీసిచ్చాను. పెద్దమామయ్య మాత్రం ముదురు నీలం రంగు, మందపాటి, నిండు చేతుల చొక్కా వేసుకుని, కాలర్ పైకి లేపుకుని వచ్చాడు. పెళ్లికి వెళ్తున్నావా అని అత్తయ్య ఒకటే ఆటపట్టించింది. నిన్ను భుజాన ఎత్తుకుని నాన్న మూడు గంటలు నీళ్లలోనే ఉన్నారు. దిగు అంటే నువ్వు ఏడుపు, ఆయనకేమో నీ ఏడుపు చూడటం ఇష్టం లేదు. చొక్కా తడిసి వీపుకి అంటుకుపోయింది. బట్ట ఉంది కదా అని నేనూ పట్టించుకోలేదు. సాయంత్రం బస్సులో సీటుకి ఆనుకోలేక ముందుకి వంగి కూర్చున్నారు. రాత్రి చొక్కా విప్పితే వీపంతా ఎర్రగా కమిలిపోయి ఉంది. నీ కాళ్లు ఆనిన చోట, ఛాతీ మీద రెండు చారలు మాత్రం మామూలు రంగులో ఉన్నాయి. తెల్లారేసరికి వీపు మీద పొక్కులు. నాలుగు రాత్రులు బోర్లా పడుకున్నారు. చన్నీళ్లలో తడిపిన గుడ్డ మార్చి మార్చి వేస్తూ నేను పక్కనే కూర్చున్నాను. అదే సముద్రంలో అంతసేపూ ఉన్న మామయ్యకి చేతి వేళ్లు, ముక్కు తప్ప ఏమీ కాలేదు.

అలా ఎందుకైందో చాలా ఏళ్లకి గానీ నాకు అర్థం కాలేదు. బట్టలకి యూపీఎఫ్ అని ఒక కొలత ఉంది. యూపీఎఫ్ 50 అంటే మీద పడిన కిరణాల్లో 50వ వంతు మాత్రమే బట్ట దాటి లోపలికి వస్తుందని. మామూలు తెల్ల కాటన్ టీషర్టుకి అది 5 నుంచి 7 దాకా ఉంటుంది. తడిస్తే 3కి కూడా పడిపోతుంది. అంటే మూడో వంతు లోపలికి దిగినట్టే. ఇవాళ్టికీ ఆ చొక్కా తలచుకుంటే నా మనసు చివుక్కుమంటుంది.

నిన్న నీ బీరువా తెరిచి, నువ్వు వదిలేసి వెళ్లిన చొక్కాలన్నీ ఒక్కొక్కటే ట్యూబులైటుకి ఎదురుగా పట్టి చూశాను. వెలుతురు దారాల మధ్య నుంచి కనిపిస్తే అది పనికిరాదు. నీకిష్టమైన లేత పసుపుది పూర్తిగా జల్లెడ అయిపోయింది. ఆకుపచ్చది గట్టి నేత, అది తీసి పెట్టాను. నువ్వు కొత్తవి కొనేటట్టయితే యూపీఎఫ్ 50 ప్లస్ అని లేబుల్ ఉన్నది తీసుకో. లేకపోతే ముదురు రంగు, దగ్గరి నేత, వదులుగా ఉండేది చూసుకో. ఒంటికి పట్టేసినట్టుండేవి సాగి, దారాల మధ్య సందులు తెరుచుకుంటాయి. పాలిస్టర్ అంటే నాకు మొదటినుంచీ పడదు, కానీ ఈ కిరణాల్ని ఆపడంలో పల్చటి కాటన్ కంటే అదే నయం. తడిసినా తొందరగా ఆరుతుంది. కాలర్ ఉన్నది తీసుకో. బ్యాగు పట్టీలు భుజాల మీద రాసుకుంటాయి, అసలే అక్కడి చర్మం ఇంకా లేతగా ఉండి ఉంటుంది.

టోపీ అంటే ఆ ముందుకు మాత్రం అంచున్న క్యాప్ కాదమ్మా. చెవులూ మెడా బయటే ఉంటాయి. చుట్టూ మూడంగుళాల అంచు ఉన్నది, గాలికి ఎగరకుండా గడ్డం కింద కట్టుకునేది కొనుక్కో. కళ్లద్దాలు ఈ కిరణాల్ని ఆపేవి, యూవీ 400 అని రాసి ఉన్నవే కొనుక్కో. బస్సులో కిటికీ పక్కన కూర్చున్నా చేతులు కప్పుకో, అద్దం మూసి ఉన్నా వీటిలో యూవీఏ అనే రకం కిరణాలు లోపలికి వస్తాయి. బట్ట కప్పని చోట సన్‌స్క్రీన్ రాసుకుని రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. నువ్వు పొద్దున ఒక్కసారి రాసి ఊరుకుంటావని నాకు తెలుసు.

ఇంకొక్కటి. మొటిమలకి ఏవో బిళ్లలు వేసుకుంటున్నావట, ఇది కూడా పిన్ని ద్వారానే. అవి డాక్సీసైక్లిన్ అయితే చర్మం ఎండకి మామూలు కంటే తొందరగా కాలుతుంది. నీకు అంతలా పొక్కులు రావడానికి అదే కారణమేమో. నీ అంతట నువ్వు మానెయ్యకు. ప్రయాణానికి ముందే డాక్టర్ని అడుగు. బిళ్ల పేరు నాకూ చెప్పు.

ఉపన్యాసం ఇవ్వకూడదనే మొదలుపెట్టాను. ఆకుపచ్చ చొక్కాకి రెండో గుండీ ఊడింది, కుట్టేశాను. చేతులు నీకు కాస్త పొట్టి అయినట్టు గుర్తు, మడత విప్పి అంగుళం పొడవు చేశాను. రేపు పార్సిల్లో వస్తుంది. అందగానే వేసుకుని వెలుతురులో నిలబడి, వెనక నుంచి ఒక ఫొటో తీయించి పంపు. దానికంటే ముందు చొక్కా లేకుండా భుజాలది ఒకటి, నాకొక్కదానికే పంపు. పిన్నికి వద్దు.

నాన్న అడుగుతున్నారు, ఆదివారం చేస్తావా అని.

మీ అమ్మ