బిళ్ల మీద పిట్ట

హాంకాంగ్
ఆదివారం రాత్రి

నాన్నకు,

నేను బాగానే ఉన్నాను. అమ్మ మోకాలి నొప్పి సంగతి ఈసారి నువ్వే రాయి. తనని అడిగితే ఎప్పుడూ తగ్గిపోయిందనే అంటుంది.

ఇవాళ ఇక్కడ జోర్డన్ అనే పేట వైపు వెళ్లాను. ఒక పాత బిల్డింగు మెట్ల కింద, మన బడ్డీకొట్టంత జాగాలో ఒక పెద్దాయన మాజాంగ్ బిళ్లలు చెక్కుతున్నాడు. మాజాంగ్ మన పేకాట లాంటిదే, ముక్కల బదులు బిళ్లలు. సెట్టుకు 144. బల్బు వేడికి బిళ్ల కాస్త మెత్తబడగానే, ముందు గీత కూడా గీసుకోకుండా నేరుగా ఉలి పెట్టేస్తాడు. ఒక బిళ్ల మీద పిట్ట ఉంటుంది. ఇక్కడి భాష కాంటనీస్‌లో ఈ ఆట పేరే పిచ్చుక. అలాంటి పిట్టలు సెట్టులో నాలుగు. పక్కపక్కన పెట్టి చూశాను, ఒకదాని తోక కొంచెం పైకి లేచింది. తోక చెక్కేటప్పుడు ఆయన ఊపిరి బిగబట్టాడు నాన్నా, అచ్చం నువ్వు ‘శ్రీ’కి ర ఒత్తు తిప్పేటప్పటిలాగే. తర్వాత గాట్లలో రంగు పూసి, పైన మిగిలింది గీకేశాడు. అప్పుడు బయటపడింది పిట్ట.

నాతో వచ్చిన ఆఫీసు అమ్మాయి ఆయన్ని అడిగి చెప్పింది. మెషీన్ సెట్లు చాలా చవకట. పైగా ఇప్పుడు బిళ్లల్ని తనే కలిపి పేర్చే కరెంటు బల్లలు వచ్చాయి. వాటికి లోపల అయస్కాంతం ఉన్న బిళ్లలే కావాలి, ఈయనవి పనికిరావు. 2014లో ప్రభుత్వం 480 అంశాలతో వేసిన వారసత్వ జాబితాలో ఈ పని కూడా ఉంది. నేర్చుకుంటానని మాత్రం ఎవరూ రాలేదట. ఫొటోలు తీసుకునేవాళ్లే ఎక్కువ. అబద్ధమెందుకు, నేనూ ముందు ఫోనే తీశాను.

నియాన్ బోర్డులూ అంతే. గాజు గొట్టాన్ని మంట మీద వంచుతూ, నలిగిపోకుండా లోపలికి గాలి ఊదుతూ అక్షరాలు చేసేవాళ్లు. ఇప్పుడు రూల్స్ వల్ల చాలా బోర్డులు దిగిపోయాయి, మిగతా చోట్ల ఎల్‌ఈడీ వచ్చింది. సాయ్ యింగ్ పన్ అనే పేటలో ఒక హోటల్ పైన పెద్ద నియాన్ ఆవు ఉండేదట. 2015లో దింపేసి మ్యూజియానికి ఇచ్చారు. ఆ మాట వినగానే నువ్వు రాసిన పాలకేంద్రం బోర్డు గుర్తొచ్చింది. దాని మీద ఆవుకి కాటుక కళ్లు పెట్టావని ఊరంతా నవ్వారు కదా.

ఫ్లెక్సులు వచ్చిన కొత్తలో నేను ఇంజనీరింగ్ రెండో ఏడు. “ఇంకెన్నాళ్లు ఈ బ్రష్షులు, ప్రింటింగ్ మెషీన్ కొను” అన్నాను. నువ్వేమీ అనలేదు. ఆ సాయంత్రం బ్రష్షులు కిరసనాయిల్లో కడిగి, పాత చొక్కాగుడ్డలో చుట్టి అటక ఎక్కించావు. నేను పుస్తకం ముందు పెట్టుకుని చూస్తూ కూర్చున్నాను.

అడిగితే ఈ బిళ్లలాయన వాటి మీద పేర్లు కూడా చెక్కి ఇస్తాడు. తెలుగు రాదు కాబట్టి నమూనా కావాలన్నాడు. నా ఫోన్‌లో ఫాంటు చూపించబోయి ఆగిపోయాను. నువ్వు ‘శ్రీ’ ఒక్కటి రాసి వాట్సాప్‌లో పంపు. బిళ్ల అంగుళం పైన కొంచెం ఉంటుంది, దానికి తగ్గట్టు ఒత్తు బాగా దగ్గరగా తిప్పు. పెన్నుతో వద్దు. ఆ మూట పాత ట్రంకుపెట్టె వెనకాల ఉండాలి. కుచ్చు గట్టిపడిపోయి ఉంటే చెప్పు, ఇక్కడ మంచి బ్రష్షులు దొరుకుతాయి, సంక్రాంతికి వచ్చేటప్పుడు తెస్తాను.

నీ
చిన్నోడు