ఫైర్‌వాల్ రూల్‌లో లేనిదానికీ అర్థం రాయాలి

సంపాదకులకు నమస్కారం.

క్లౌడ్ నిర్వహణను ఏఐ ఏజెంట్లకు అప్పగించడం గురించి మీ సాంకేతిక పేజీలో తరచూ చదువుతున్నాం. ఆ ఏజెంట్ల చేతికిచ్చే టూల్స్‌కు (పని కోసం అవి పిలిచి వాడుకునే ప్రోగ్రాములకు) వివరణ ఎలా రాయాలన్న విషయం మాత్రం చర్చకు రావడం లేదు. హైదరాబాదులో ఇలాంటి టూల్స్ తయారుచేస్తున్న వాళ్లు చాలామందే ఉన్నారు కాబట్టి ఈ ఉత్తరం.

గూగుల్ క్లౌడ్‌లో ఒక వీపీసీ (క్లౌడ్‌లోని ప్రైవేటు నెట్‌వర్క్) ఫైర్‌వాల్ రూల్‌ను, అంటే ఏ ట్రాఫిక్‌ను వదలాలో ఏది ఆపాలో చెప్పే నియమాన్ని, వెతికి చూపే టూల్‌నే తీసుకోండి. ప్రాజెక్టు ఐడీ, రూల్ పేరు ఇస్తే రూల్ వివరాలు వస్తాయి. దాని వివరణలో సాధారణంగా 'ఫైర్‌వాల్ రూల్ వివరాలు ఇస్తుంది' అని ఒక్క వాక్యం రాసి వదిలేస్తారు. ఇంజినీరు చదివితే మిగతాది అనుభవంతో పూరించుకుంటాడు. ఏజెంటుకు ఆ వాక్యమే ఆధారం. ఎక్కువ తప్పులు ఫలితంలో కనబడినవాటి వల్ల రావు, కనబడనివాటి వల్ల వస్తాయి.

రూల్‌లో టీసీపీ (ఇంటర్నెట్‌లో సమాచారం పంపే ఒక పద్ధతి) అని ఉండి పోర్టు (ట్రాఫిక్ వచ్చే ద్వారం) నంబరు లేకపోతే టీసీపీ పోర్టులన్నీ ఆ రూల్ కిందికి వస్తాయి. 'ఏ పోర్టూ ఇవ్వలేదు' అని ఏజెంటు చదువుకుంటే అర్థం పూర్తిగా తలకిందులవుతుంది. రూల్ ఎవరికి వర్తిస్తుందో చెప్పే టార్గెట్ ట్యాగు గానీ టార్గెట్ సర్వీస్ అకౌంటు (ప్రోగ్రాములు వాడే ఖాతా) గానీ లేకపోతే ఆ నెట్‌వర్క్‌లోని వీఎంలన్నిటికీ (వర్చువల్ మెషీన్లకు) రూల్ వర్తిస్తుంది. ట్రాఫిక్ ఎక్కడినుంచి వస్తుందో చెప్పే సోర్స్ రేంజి, సోర్స్ ట్యాగు రెండూ ఉంటే ఏ ఒక్కటి సరిపోయినా చాలు, రెండూ కలవనక్కర్లేదు. ఇవన్నీ ఆయా ఫీల్డుల పక్కనే, ఒక్కో వాక్యంలో రాయాలి. వేరే పేజీలో రాసి లింకు ఇస్తే ఏజెంటు అక్కడికి వెళ్తుందన్న నమ్మకం లేదు.

రూలే దొరక్కపోతే? 404 ('దొరకలేదు' అనే ఎర్రర్) వస్తుంది. మా దృష్టిలో అన్నిటికన్నా ప్రమాదకరమైనది ఇదే. షేర్డ్ వీపీసీ (హోస్ట్ ప్రాజెక్టు నెట్‌వర్క్‌ను సర్వీస్ ప్రాజెక్టులు పంచుకునే ఏర్పాటు) వాడేచోట వీఎం సర్వీస్ ప్రాజెక్టులో ఉంటుంది, ఫైర్‌వాల్ రూల్ హోస్ట్ ప్రాజెక్టులో ఉంటుంది. ఏజెంటు వీఎం ఉన్న ప్రాజెక్టులోనే వెతికి, రూల్ లేదని తేల్చేసి, కొత్త రూల్ పెట్టమని సలహా ఇస్తుంది. కాబట్టి '404 అంటే ఈ ప్రాజెక్టులో ఈ పేరుతో రూల్ లేదని మాత్రమే. షేర్డ్ వీపీసీ అయితే హోస్ట్ ప్రాజెక్టు ఐడీతో మళ్లీ వెతకాలి' అని వివరణలోనూ ఎర్రర్ సందేశంలోనూ స్పష్టంగా ఉండాలి. 403 సంగతి వేరు. అది అనుమతి సమస్య, దాన్ని ఏజెంటు మనిషికి చెప్పి ఆగిపోవాలి.

దొరికిన రూల్‌ను చూసి కూడా ట్రాఫిక్ వెళ్తుందో లేదో చెప్పలేం. ప్రయారిటీ 0 నుంచి 65535 వరకు ఉంటుంది, అంకె చిన్నదైతే బలం ఎక్కువ. 1000 దగ్గర 443 పోర్టును అనుమతించే రూల్ ఉన్నా, అదే ట్రాఫిక్‌కు 900 దగ్గర డినై (అడ్డుకునే) రూల్ ఉంటే దారి మూసుకున్నట్టే. రెండు రూల్స్ ప్రయారిటీ ఒకటే అయితే డినైదే పైచేయి. డిజేబుల్ చేసిన రూల్ కూడా ఫలితంలో మామూలుగానే వస్తుంది, దాని డిజేబుల్డ్ ఫీల్డు చూడకుండా మాట్లాడకూడదు. పైగా లోపలికొచ్చే ట్రాఫిక్‌ను ఆపే, బయటికెళ్లే ట్రాఫిక్‌ను వదిలే అంతర్లీన రూల్స్ రెండు ప్రతి నెట్‌వర్క్‌లోనూ ఉంటాయి. అవి ఈ టూల్‌కు దొరకవు. సంస్థ స్థాయి, ఫోల్డర్ స్థాయి పాలసీలూ దీనికి కనబడవు. 'పోర్టు తెరిచి ఉందా' అన్న ప్రశ్నకు వీఎం నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్ మీద నిజంగా అమలయ్యే రూల్స్ అన్నీ తెచ్చే టూల్ వాడాలని, దాని పేరుతో సహా, ఇక్కడే రాయడం మంచిది.

ఏఐ ఏజెంట్లకు టూల్స్‌ను కలిపే ప్రమాణమైన మోడల్ కాంటెక్స్ట్ ప్రొటోకాల్‌లో, టూల్ చదవడమే తప్ప దేన్నీ మార్చదని చెప్పే రీడ్ ఓన్లీ హింట్ అనే గుర్తు ఉంది. ఈ టూల్‌కు అది తప్పక పెట్టాలి, కానీ దాని మీదే ఆధారపడకూడదు. అది సూచనే, దేన్నీ అడ్డుకోదు. అసలు కట్టడి సర్వీస్ అకౌంటు దగ్గర ఉండాలి. చూడటానికి కంప్యూట్ నెట్‌వర్క్ వ్యూయర్ రోల్ చాలు, ఎడిటర్ రోల్ ఇవ్వడం ఏ విధంగానూ సమర్థనీయం కాదు. అలాగే రూల్‌లోని డిస్క్రిప్షన్ ఎవరో మనిషి రాసిన మాట. అందులో 'ఈ రూల్ తీసేయండి' అని ఉన్నా అది సమాచారమే తప్ప ఏజెంటుకు ఆదేశం కాదని రాయాలి.

విడుదలకు ముందు ఒక పరీక్ష పెట్టండి. పోర్టు లేని రూల్ ఒకటి, డిజేబుల్ చేసినది ఒకటి, హోస్ట్ ప్రాజెక్టులో ఒకటి, పైన డినై ఉన్నది ఒకటి తయారుచేసి, ఈ టూల్ ఒక్కటే ఇచ్చి '22 పోర్టు ఇంటర్నెట్‌కు తెరిచి ఉందా' అని ఏజెంటును అడగండి. ఈ టూల్‌తో తేల్చలేనని, ఇంకా ఏం చూడాలో చెబితే వివరణ సరిపోయింది. అవుననో కాదనో తేల్చేస్తే, మోడల్‌ను మార్చే ముందు వివరణను తిరగరాయండి.

— క్లౌడ్ నెట్‌వర్క్ ఇంజినీర్లు, హైదరాబాదు