ఫ్రెంచ్ క్రియల పాఠంలోని తప్పులపై ఫిర్యాదు

వినియోగదారుల విభాగం అధికారి గారికి,

విషయం: పద్నాలుగో పాఠంలోని తప్పులు, పరీక్షలో అన్యాయంగా తీసేసిన మార్కులు

అయ్యా/అమ్మా,

తెలుగులో ఫ్రెంచ్ నేర్పే మీ ఆరు నెలల కోర్సుకు 7,200 రూపాయలు కట్టి చేరాను. కాకినాడలో ముప్ఫై ఒక్క సంవత్సరాలు తెలుగు ఉపాధ్యాయినిగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నాను. మా మనవడు మాంట్రియల్‌లో ఫ్రెంచ్ బడిలో చదువుతున్నాడు. వాడితో వాడి బడి భాషలో నాలుగు మాటలు మాట్లాడాలన్నదే నా కోరిక. మొదటి పదమూడు పాఠాలు నాకు నచ్చాయి, ఆ మాట ముందే చెబుతున్నాను.

పద్నాలుగో పాఠంలో 'కొను' అనే అర్థమిచ్చే 'ఆష్తే', 'పిలుచు' అనే అర్థమిచ్చే 'ఆప్లే', 'ఎక్కువగా ఇష్టపడు' అనే అర్థమిచ్చే 'ప్రేఫేరే' క్రియలను, ధాతువు మారని 'పార్లే'తో కలిపి ఒకే పట్టికలో వేశారు. చివరి రెండక్షరాలు తీసి ప్రత్యయం చేర్చితే చాలన్నారు. ఇది తప్పు. 'నేను కొంటాను' అన్నప్పుడు 'జాషెత్' అవుతుంది. అక్కడ ఫ్రెంచ్ 'ఈ' (e) అక్షరం మీద ఎడమ నుంచి కుడికి దిగే గీత, అంటే ఆక్సాఁ గ్రావ్, తప్పనిసరి. 'మేము కొంటాం' అన్నప్పుడు 'నూ జాష్తోఁ'. అక్కడ ఆ గీత ఉండకూడదు. మీ పట్టికలో మొదటి చోట గీత లేదు, రెండో చోట ఉంది!

మీ ఆడియోలోని గొంతు మాత్రం రెండింటినీ సరిగ్గానే పలికింది. చెవికి ఒకటి వినబడుతుంటే కంటికి మరొకటి కనబడింది. నేను అచ్చయినదాన్ని నమ్మాను. ఫోనులో మనవడితో 'నూ జాషెతోఁ' అన్నాను. "అమ్మమ్మా, జాష్తోఁ అనాలి" అన్నాడు వాడు. ఎనిమిదేళ్ల పిల్లవాడికి తెలిసిన సంగతి డబ్బు తీసుకుని నేర్పే సంస్థ పాఠంలో తప్పుగా ఉండటం నన్ను బాధించింది.

ఈ విషయమై రెండుసార్లు రాశాను. రెండుసార్లూ ఒకటే జవాబు: "అవి మినహాయింపులు, కంఠస్థం చేయండి." కంఠస్థం చేయడానికి మీ పట్టికే తప్పు కదా! పైగా ఇవి కారణం లేని మినహాయింపులు కావు. ఫ్రెంచ్‌లో ఊనిక పలికే చివరి అక్షరం మీద పడుతుంది. నేను, నువ్వు, అతడు, వాళ్లు అన్నప్పుడు ప్రత్యయం పలకదు కాబట్టి బరువు ధాతువు మీదకు వస్తుంది, అందులోని అచ్చు విచ్చుకుని 'ఎ' అవుతుంది. మేము, మీరు అన్నప్పుడు ప్రత్యయమే పలుకుతుంది కాబట్టి ఆ అచ్చు అణగిపోతుంది. 'ఆష్తే'లో ఆ 'ఎ'ని గీతతో చూపుతారు, 'ఆప్లే'లో 'ఎల్' అక్షరాన్ని రెండుసార్లు రాసి చూపుతారు. అందుకే 'జాపెల్'లో రెండు 'ఎల్'లు, 'నూ జాప్లోఁ'లో ఒకటే. ఈ నాలుగు వాక్యాలు పాఠంలో ఉంటే ఎవరూ తడబడరు. 'వచ్చు' ధాతువు 'వస్తాను, వచ్చాను' దగ్గర ఒకలా, 'రాను, రాలేదు' దగ్గర 'రా'గా కనబడుతుందని పట్టిక గీసి పిల్లలకు ఏళ్ల తరబడి చెప్పినదాన్ని. తెలుగువాళ్లకు ధాతువు మారడం కొత్త కాదు. తెలుగులో నేర్పుతున్న మీరు ఆ దారి ఎందుకు పట్టలేదు?

భవిష్యత్కాలం గురించి మీ పాఠం అసలు మాట్లాడలేదు. అక్కడ 'మేము' రూపంలో కూడా ధాతువు మారుతుంది: 'నూ జాషెత్‌రోఁ', 'నూ జాపెల్‌రోఁ'. వర్తమానకాలం పట్టిక ఒక్కటే చూసినవాళ్లు ఇక్కడ తప్పకుండా పొరపడతారు.

ఇక పరీక్ష. ఇరవైకి పద్నాలుగు వస్తే ఉత్తీర్ణత. నాకు పన్నెండు వేశారు. 'అతడు కొంటాడు' అన్నదాన్ని గీత పెట్టి రాశాను, తప్పన్నారు. 'మేము పిలుస్తాం' అన్నదాన్ని ఒకే 'ఎల్'తో రాశాను, తప్పన్నారు. 'ప్రేఫేరే' భవిష్యద్రూపంలో రెండో 'ఈ' మీద ఆక్సాఁ గ్రావ్ పెట్టాను, అదీ తప్పన్నారు. 1990లో ఫ్రాన్స్ అధికారిక గెజిట్‌లో వచ్చిన అక్షరక్రమ సవరణల ప్రకారం ఆ రూపం సరైనదే. పాత రూపమూ చెల్లుతుంది, కొత్తదీ చెల్లుతుంది. మూడు మార్కులు కలిపితే నాకు పదిహేను రావాలి.

కాబట్టి నా జవాబు పత్రాన్ని మళ్లీ దిద్ది, ధ్రువపత్రం ఇవ్వండి. పద్నాలుగో పాఠాన్ని ఫ్రెంచ్ వ్యాకరణం తెలిసినవారితో దిద్దించి, ఈ కోర్సు చదువుతున్న అందరికీ ఆ సవరణ పంపండి. నా ఒక్కదాని మార్కులు సరిచేసి ఊరుకుంటే నేను ఒప్పుకోను, ఆ పట్టికను ఇవాళ కూడా ఎవరో ఒకరు వల్లె వేస్తూ ఉంటారు. ఈ రెండూ చేయలేకపోతే కట్టిన రుసుము పూర్తిగా తిరిగి ఇవ్వండి.

పదిహేను రోజులు ఎదురుచూస్తాను. అప్పటికీ జవాబు రాకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద సేవాలోపంగా జిల్లా కమిషన్‌కు ఫిర్యాదు చేస్తాను. పాఠం పుటల నకళ్లు, నా జవాబు పత్రం, మీ రెండు జవాబులు దీనితో జతచేస్తున్నాను.

భవదీయురాలు,
విశ్రాంత తెలుగు ఉపాధ్యాయిని,
కాకినాడ