కంచను ఖాళీ జాగా అని రాయకండి, మంత్రి గారూ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర రెవెన్యూ శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

కంచ గచ్చిబౌలి, ఇమారత్ కంచ. హైదరాబాద్ చుట్టుపక్కల పేర్లలో ఈ ‘కంచ’ ఇంకా మిగిలే ఉంది. కంచ అంటే పశువులు మేయడానికి వదిలిన నేల. 2025 ఏప్రిల్‌లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో చెట్ల నరికివేతను సుప్రీంకోర్టు ఆపించినప్పుడు, కొందరు అడవి అన్నారు, కొందరు ఖాళీ భూమి అన్నారు. పేరులోనే ఉన్న మేత సంగతి మాట్లాడినవాళ్లు నాకైతే కనబడలేదు. అందుకే ఈ లేఖ.

మాది కురుమల ఇల్లు. నేను నగరంలో ఉద్యోగం చేసుకుంటున్నా. నాయిన ఔటర్ రింగు రోడ్డు అవతల మా ఊరి గైరాన్‌లో, అంటే ఊరి ఉమ్మడి మేత భూమిలో, గొర్లు కాసేవాడు. ఒకరోజు పొద్దున్నే మంద తోలుకుపోతే చుట్టూ సిమెంటు కడీలు పాతి ఉన్నాయి. అడిగితే, రికార్డులో అది ‘సాగుకు పనికిరాని’ సర్కారు భూమి అన్నారు. ఆరు నెలలు రోడ్ల పక్కన, చెరువు కట్టల మీద మేపాడు. ఆ తర్వాత మందంతా జియాగూడ మార్కెట్‌కు పోయింది. ఆ రాత్రి దొడ్డి తలుపు వేయడానికి ఎవరికీ చేతులు రాలేదు.

పనికిరాదన్న ఆ నేలే మా ఇంటిని సాకింది సార్. వానాకాలం గరిక, చెంగలి గడ్డి. ఎండలు ముదిరితే తుమ్మకాయలు. కోతలయ్యాక రైతులే పిలిచి పొలంలో మంద పెట్టించుకునేవాళ్లు. రాత్రంతా గొర్లు అక్కడే పడుకుంటే పెంట, మూత్రం నేలకు బలం. బదులుగా వడ్లో జొన్నలో కొలిచేవాళ్లు. తెల్లారి లేచి చూస్తే నాయిన గొంగడి మంచుకు తడిసి బరువెక్కేది, లోపల మాత్రం వెచ్చగా ఉండేది. ఆ గొంగడి మా నల్ల దక్కనీ గొర్ల ఉన్నితో నేసిందే.

కాపరులకే కాదు, ఊరందరికీ అది కావాలి. బతుకమ్మకు గునుగు, తంగేడు అక్కడివే. తంగేడు మన రాష్ట్ర పువ్వు కూడా. దసరా నాడు అందరం వెతికే పాలపిట్ట పురుగుల కోసం వాలేది ఇలాంటి బయలు నేలల్లోనే. గడ్డి వేళ్లు మట్టిని పట్టి ఉంచుతాయి, వాన నీటిని నేలలోకి ఇంకిస్తాయి. కాంక్రీటు పోశాక ఆ నీళ్లు మన కాలనీల్లోకే వస్తాయి. పచ్చదనం పేరుతో గైరాన్ నిండా మొక్కలు కిక్కిరిసి నాటినా నష్టమే. నీడ కమ్మితే మేత గడ్డి చస్తుంది.

2017లో ప్రభుత్వం 75 శాతం సబ్సిడీతో 20 గొర్లు, ఒక పొట్టేలు చొప్పున పంచింది. మంచి పనే. వాటిని ఎక్కడ మేపాలన్న టెన్షన్ మాత్రం కాపరులకే మిగిలింది. ఊరి ఉమ్మడి భూముల్లో ఆక్రమణలు తొలగించి పంచాయతీలకు అప్పగించేలా పథకాలు తయారు చేయాలని సుప్రీంకోర్టు 2011లోనే అన్ని రాష్ట్రాలకూ చెప్పింది. మేత భూములు, పశుపోషకుల కోసం ఐక్యరాజ్యసమితి 2026ను అంతర్జాతీయ సంవత్సరంగా ప్రకటించింది. ఇంతకంటే మంచి సమయం ఏముంటుంది?

నేను కోరేది ఒక్కటే. ఊరూరా మిగిలిన గైరాన్లను, కంచలను సర్వే చేయించి, రికార్డులో ‘మేత భూమి’ అని రాయించండి. గ్రామసభ ఒప్పుకోకుండా ఎవరికీ ఇవ్వకండి. సర్వేకు వచ్చేవాళ్లను మ్యాపుతో పాటు ఆ ఊరి గొర్లకాపరిని కూడా వెంట తీసుకుపొమ్మనండి. మా నాయినకు డెబ్బై దాటాయి. మా గైరాన్ హద్దురాళ్లు ఎక్కడెక్కడ ఉండేవో ఇప్పటికీ చెప్తాడు. పిలిస్తే వస్తాడు.

ఇట్లు,
ఒక కురుమ బిడ్డ,
హైదరాబాద్