నో సిమ్ అంటోందా? విప్పించే ముందు ఇంకో సిమ్ వేసి చూడండి

విజయవాడ గవర్నర్‌పేటలో మా మొబైల్ రిపేర్ షాపుకి వచ్చే అందరికీ చెప్పేదేంటంటే, వచ్చే సోమవారం నుంచి ఒక మార్పు చేస్తున్నాం. సిమ్ కనపడటం లేదు, నెట్‌వర్క్ రావడం లేదు, ఎమర్జెన్సీ కాల్స్ ఓన్లీ అని పడుతోంది అంటూ తెచ్చే ఫోన్లని కౌంటర్ దగ్గర చూసి చెప్పడానికి ఇక రూపాయి కూడా తీసుకోం. ఫోన్ విప్పాల్సి వస్తేనే డబ్బులు, అదీ ఎంతవుతుందో ముందే చెప్పి, మీరు సరే అన్నాకే. ఇన్నాళ్లూ చూసినందుకు 100 రూపాయలు తీసుకునేవాళ్లం. అది మానేస్తున్నది మా మంచితనం కొద్దీ అనుకోకండి. సిమ్ కంప్లైంట్లలో ఎక్కువ భాగం అసలు రిపేరే కాదు, వాటి కోసం కౌంటర్ ముందు జనం నిలబడితే లోపల ఫోన్ బోర్డుల రిపేర్ పని చేసే కుర్రాడు మాటిమాటికీ లేచి బయటికి రావాల్సి వస్తోంది, మాకు నాలుగు డబ్బులు మిగిలేది ఆ బోర్డు పనిలోనే. మీరు ఇంట్లో తేల్చుకోగలిగింది ఇంట్లోనే తేల్చుకుంటే, ఈ ఎండల్లో బెంజ్ సర్కిల్ ట్రాఫిక్ దాటుకుని రావడం మీకూ తప్పుతుంది.

ముందు చేయాల్సిన పని ఒకటే. ఫోన్ ఆఫ్ చేసి మీ సిమ్ తీసి ఇంట్లో ఇంకొకరి ఫోన్‌లో వేయండి, వాళ్ల సిమ్ మీ ఫోన్‌లో వేయండి. మీ సిమ్ వాళ్ల ఫోన్‌లోనూ పలకకపోతే తేడా సిమ్‌లోనో మీ కనెక్షన్‌లోనో ఉంది, మాతో పని లేదు, మీ నెట్‌వర్క్ కంపెనీ స్టోర్‌కి వెళ్లండి. మీ సిమ్ అక్కడ బాగానే ఉండి, ఎవరి సిమ్ వేసినా మీ ఫోన్‌లోనే రావడం లేదంటే అప్పుడు ఫోన్ తీసుకుని మా దగ్గరికి రండి. రెండూ రెండు చోట్లా పలికితే కార్డు ట్రేలో సరిగ్గా కూర్చోలేదంతే, తీసి పెట్టడంతోనే కుదిరిపోయింది. ఈ పని చేసేటప్పుడు ఫోన్‌పే, గూగుల్ పే లాంటివి తెరవకండి, సిమ్ మారిందని గమనించి మళ్లీ రిజిస్టర్ చేయమంటాయి, అదో తలనొప్పి.

ట్రే తీయడం గురించి ఒక్కమాట. పిన్ను గుచ్చాల్సిన రంధ్రం ట్రే మూత మీదే ఉంటుంది. ఫోన్ కింది అంచునో పై అంచునో ట్రేకి సంబంధం లేకుండా విడిగా కనపడే రంధ్రం మైక్‌ది. అందులో పిన్నీసు గుచ్చి, రాకపోతే ఇంకాస్త గట్టిగా గుచ్చి తెచ్చేవాళ్లు తక్కువేం కాదు. సిమ్ సంగతి దేవుడెరుగు, అవతలివాళ్లకి మన మాట వినపడదు, మైక్ మార్చాల్సిందే. చెవి కమ్మ తీగతో గుచ్చిన వాళ్లూ ఉన్నారు, ఆ కమ్మ సగం లోపలే విరిగిపోయింది.

ఇంకా పాత పెద్ద సిమ్‌ని కత్తిరించి వాడుతున్నవాళ్లు ఉన్నారు. నానో సిమ్ 12.3 మిల్లీమీటర్ల పొడవు, 8.8 వెడల్పు, అది అందరికీ తెలిసిందే కానీ మందం సంగతి ఎవరూ పట్టించుకోరు. పాత సిమ్ మందం 0.76 మిల్లీమీటర్లు, నానోది 0.67. కత్తిరించిన ముక్క ట్రేలో పట్టినట్టే ఉంటుంది, లోపలికి తోసేటప్పుడు కార్డుని చదివే రీడర్ పిన్నుల్ని పైకి నెట్టేస్తుంది, అవి ఒకసారి వంగాక అసలైన నానో సిమ్ వేసినా ఆనవు. అందుకే మా షాపులో సిమ్ కట్ చేయడం పూర్తిగా మానేశాం, అడగొద్దు. కంపెనీ స్టోర్‌లో అదే నంబర్ మీద కొత్త సిమ్ ఇస్తారు, నిమిషాల పని.

కార్డు మీద బంగారు రంగు భాగం నల్లబడితే పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి బట్టతో తుడిచి వేయండి. పెట్రోలు, థిన్నర్ వద్దు. చేతులకి రాసుకునే శానిటైజర్ కూడా వద్దు, అందులో జిగురు ఉంటుంది. మేము వాడేది ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మందుల షాపుల్లో దొరుకుతుంది కానీ ఫోన్ లోపల పోయడానికి కాదు, కార్డు వరకే.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరి పేట నుంచి వచ్చిన ఫోన్ల గురించి విడిగా చెప్పాలి. చాలామంది వాటిని బియ్యం డబ్బాలో పెట్టి ఆరబెట్టారు, ఆన్ అయ్యాయి, సరేలే అని వాడుకున్నారు. బియ్యం లోపలి నీటిని లాగదు, పైగా తవుడు ధూళి రంధ్రాల్లోకి పోతుంది. ఆ బురద నీళ్లలోని మురికి సిమ్ రీడర్ దగ్గర పేరుకుని, కొన్ని నెలలకి ఆకుపచ్చగా తుప్పు పట్టి, అప్పుడు మొదలైంది ఈ నో సిమ్ గోల. ఒక గంట సిమ్ ఉంటుంది, ఒక గంట ఉండదు, ఫోన్ వేడెక్కితే పోతుంది. మీ ఫోన్ ఆ నీళ్లు తాగినదైతే రాగానే ఆ మాట చెప్పేయండి, దాచకండి, నీళ్లలో పడిందంటే మేం రేటు పెంచేస్తామని కొందరి అనుమానం. చెప్తే మేం చూసే చోటు మారుతుంది, అంతే.

స్క్రీన్ మీద వచ్చే మాటలు అన్నీ ఒకటి కాదు, వాటిని ఫోటో తీసుకుని రండి, సగం పని తేలిపోతుంది. నో సిమ్, ఇన్సర్ట్ సిమ్ అంటే ఫోన్‌కి కార్డు కనపడటమే లేదు. సిమ్ నాట్ ప్రొవిజన్డ్ అని వచ్చి, పక్కన ఎంఎం 2 అని ఉంటే కార్డు ఫోన్‌కి కనపడింది, కానీ కంపెనీ లెక్కల్లో ఆ కార్డు లేదు. రేషన్ కార్డు చేతిలో ఉన్నా డిపో లిస్టులో పేరు లేనట్టన్నమాట. కొత్త సిమ్ ఇంకా యాక్టివేట్ కాకపోయినా, పాతది మూసేసినా ఇదే వస్తుంది, మేం ఫోన్‌ని ఎంత వేడి చేసినా పోదు. ఎంఎం 6 అని వస్తే మాత్రం టెన్షన్ పడాల్సిందే, అది ఫోన్‌నే నెట్‌వర్క్ ఒప్పుకోవడం లేదని, దాని సంగతి కింద చెప్తాను. పుక్ అడిగితే ఆగిపోండి. సిమ్ లాక్ పిన్ నంబర్ మూడుసార్లు తప్పు కొడితే పుక్ అడుగుతుంది, ఆ ఎనిమిది అంకెల పుక్ పదిసార్లు తప్పు కొడితే సిమ్ శాశ్వతంగా పోతుంది, ఇక ఎవరూ తెరవలేరు. ఆ పుక్ సిమ్ వచ్చిన అట్ట మీద ఉంటుంది, లేకపోతే కస్టమర్ కేర్ వాళ్లు చెప్తారు. ఊహించి కొట్టకండి.

సిగ్నల్ లేదు, ఎమర్జెన్సీ ఓన్లీ అన్నప్పుడు ఎయిర్‌ప్లేన్ మోడ్ వేసి తీయండి, ఒకసారి రీస్టార్ట్ చేయండి, ప్లాన్ అయిపోయిందేమో చూడండి (నవ్వకండి, దీని కోసం పటమట నుంచి ఆటో కట్టించుకుని వచ్చినవాళ్లున్నారు). పాత డ్యూయల్ సిమ్ ఫోన్లలో కొన్నిటికి రెండో స్లాట్‌లో 4జీ పనిచేయదు, జియో లాంటి 2జీ, 3జీ లేని సిమ్ అందులో వేస్తే ఎన్నాళ్లున్నా సిగ్నల్ రాదు, మొదటి స్లాట్‌లోకి మార్చండి. అప్పటికీ రాకపోతే నెట్‌వర్క్ సెట్టింగ్స్ రీసెట్ చేయొచ్చు, వైఫై పాస్‌వర్డులు పోతాయి, ఫోటోలకి ఏం కాదు. ఫ్యాక్టరీ రీసెట్ మాత్రం చేయకండి. యూట్యూబ్‌లో ఎవరో చెప్పారని పిల్లల పుట్టినరోజు ఫోటోలన్నీ తుడిచేసుకుని వస్తున్నారు, సిమ్ మాత్రం అలాగే ఉంటుంది. ఈసిమ్ (కార్డు లేకుండా ఫోన్‌లోనే ఉండే సిమ్) వాడేవాళ్లకి ఇంకో ప్రమాదం, రీసెట్ చేసేటప్పుడు ఈసిమ్ కూడా చెరిపేయాలా అని అడుగుతుంది, సరే అన్నారంటే మళ్లీ కంపెనీ చుట్టూ తిరగాలి.

90 రోజులు ఏ వాడకమూ లేని నంబర్‌ని కంపెనీ మూసేయొచ్చు, ఖాతాలో 20 రూపాయలు ఉంటే అవి కోసుకుని కొంతకాలం ఉంచుతారు. బ్యాంకుకి, గ్యాస్‌కి ఇచ్చిన నంబర్ అదే అయినప్పుడు ఇది పెద్ద చిక్కు. అంతకంటే పెద్ద చిక్కు సిమ్ ఎవరి పేరు మీద ఉందన్నది. పోయిన నాన్నగారి పేరు మీదున్న నంబరే ఇంటిల్లిపాదికీ ఆధారం అయిన ఇళ్లు ఎన్నో. సిమ్ పనిచేస్తున్నంత కాలం ఎవరికీ గుర్తురాదు, పాడైన రోజు స్టోర్‌లో వేలిముద్ర అడుగుతారు, అప్పుడు కూర్చుని ఏడవాలి. డెత్ సర్టిఫికెట్ పట్టుకెళ్లి పేరు మార్పించుకునే వీలుంది, సిమ్ బాగున్నప్పుడే ఆ పని చేసుకోండి. అదే నంబర్ మీద కొత్త సిమ్ తీసుకున్నాక 24 గంటలు మెసేజ్‌లు రావు, పోవు, ఓటీపీలూ అంతే, అది భద్రత కోసం పెట్టిన నిబంధన, ఫోన్ పాడైందని మా దగ్గరికి రాకండి. 2024 జులై 1 నుంచి సిమ్ మార్చాక 7 రోజుల వరకు వేరే కంపెనీకి పోర్ట్ అవడం కూడా కుదరదు.

ఇక అమెరికా ఫోన్లు. మన గుంటూరు, బెజవాడల్లో ఇంటికొకరు అక్కడ ఉన్నారు కాబట్టి పండక్కి వచ్చేటప్పుడు ఐఫోన్ తెస్తారు, బావగారికో మామగారికో ఇచ్చి వెళ్తారు, ఇక్కడ సిమ్ వేస్తే సిమ్ నాట్ సపోర్టెడ్ అంటుంది. సెట్టింగ్స్‌లో జనరల్, అందులో అబౌట్ తెరిచి క్యారియర్ లాక్ అన్న దగ్గర నో సిమ్ రెస్ట్రిక్షన్స్ అని ఉందో లేదో చూడండి. లేకపోతే అది అక్కడి నెట్‌వర్క్ కంపెనీ తాళం వేసి ఇచ్చిన ఫోన్, తాళం తీయాల్సింది ఆ కంపెనీయే, ఇక్కడ ఎవరి వల్లా కాదు. సిమ్ కింద పల్చటి చిప్ పెట్టి నడిపిస్తామనేవాళ్లు ఉంటారు, అది తర్వాతి అప్‌డేట్ వరకు నడుస్తుంది, ఆ తర్వాత మళ్లీ మొదటికొస్తుంది, మేం ఆ పని చేయం. ఇంకో సంగతి, 2022లో వచ్చిన ఐఫోన్ 14 నుంచి అమెరికా మోడళ్లకి సిమ్ ట్రేనే లేదు. ట్రే ఎక్కడుందో వెతికి వెతికి అంచులు గీకి తెస్తున్నారు, వాటికి ఈసిమ్ ఒక్కటే దారి. అక్కడి మీవాళ్లు విమానం ఎక్కకముందే అన్‌లాక్ చేయించమని ఫోన్ చేసి చెప్పండి.

పైన చెప్పిన ఎంఎం 6, దానితో పాటు సెకండ్ హ్యాండ్ ఫోన్లు. పోయిందని ఫిర్యాదు ఇచ్చి బ్లాక్ చేయించిన ఫోన్ ఏ సిమ్ వేసినా మన దేశంలో నెట్‌వర్క్ పట్టదు. 2023 మేలో ప్రభుత్వ వెబ్‌సైట్ సంచార్ సాథీ వచ్చాక ఈ బ్లాకింగ్ ఎవరైనా సొంతంగా చేయించుకోగలుగుతున్నారు. తక్కువకి వస్తోందని రోడ్డు మీద కొనే ముందు *#06# కొట్టి 15 అంకెల ఐఎంఈఐ (ఫోన్ గుర్తింపు నంబర్) చూసి, ఇంగ్లీషులో కేవైఎం అని రాసి ఖాళీ వదిలి ఆ నంబర్ వేసి 14422కి మెసేజ్ పంపండి, ఫోన్ సంగతి వస్తుంది. ఐఎంఈఐ మార్చిపెట్టండి అని మెల్లగా చెవిలో అడిగేవాళ్లకి కూడా ఇక్కడే జవాబు, చేయం, ఎంతిచ్చినా చేయం. 2023 టెలికాం చట్టం ప్రకారం దానికి మూడేళ్ల వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా.

అన్నిటికంటే ముఖ్యమైనది చివర్లో రాస్తున్నాను, ఇక్కడిదాకా చదివినవాళ్లు ఇంట్లో పెద్దవాళ్లకి వినిపించండి. ఫోన్ కింద పడలేదు, నీళ్లు తగల్లేదు, పక్కింట్లో అదే కంపెనీ సిగ్నల్ నిండుగా ఉంది, మీ ఫోన్‌లో మాత్రం ఉన్నట్టుండి నెట్‌వర్క్ పోయింది. అలాంటప్పుడు షాపు తెరిచేదాకా ఎదురుచూడకండి. మీ నంబర్ మీద ఇంకొకడు సిమ్ తీసుకుని ఉండొచ్చు, లేదా కస్టమర్ కేర్ అని చెప్పి మీతోనే ఓటీపీ చెప్పించుకుని మీ నంబర్‌ని వాడి ఫోన్‌లోకి ఈసిమ్‌గా మార్చుకుని ఉండొచ్చు. ఇక బ్యాంకు ఓటీపీలన్నీ వాడికే పోతాయి. ఇంకో ఫోన్ నుంచి వెంటనే మీ నెట్‌వర్క్ కంపెనీకి, బ్యాంకుకి చెప్పి, డబ్బు పోయిందని తెలిస్తే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. మీ సిమ్ ఈ రోజే బ్లాక్ అవుతుంది, 9 నొక్కండి అనే కాల్ టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నుంచి రాదు, ట్రాయ్ ఎవరికీ అలా ఫోన్ చేయదు. గొల్లపూడి పెద్దాయన ఒకరు సిగ్నల్ పోయిందని ఫోన్ పట్టుకొచ్చి కౌంటర్ దగ్గర తన వంతు కోసం నిలబడి ఉన్నారు, ముందు రోజు ఎవరికో ఓటీపీ చెప్పానని మాటల్లో అన్నారు. మా కుర్రాడు ఫోన్ అక్కడ పెట్టి ఆయన్ని ముందు బ్యాంకుకి పంపించాడు.

మా దగ్గర నిజంగా అయ్యే పనులు, వాటి రేట్లు. ట్రే మార్చడం 150 నుంచి 300, మోడల్‌ని బట్టి. రీడర్ శుభ్రం చేయడం 300. రీడర్ మార్చడం 500 నుంచి 900 వరకు, ఐఫోన్లకి ఎక్కువ. ఐఎంఈఐ చోట ఏమీ చూపించకపోతే, బేస్‌బ్యాండ్ అన్‌నోన్ అంటే అది లోపల నెట్‌వర్క్ పట్టే మోడెమ్ సమస్య, చిప్ ఊడదీసి మళ్లీ టంకం బాల్స్ వేసి కూర్చోబెట్టాలి, 2,000 పైన అవుతుంది, అయినా నిలుస్తుందని హామీ ఇవ్వలేం. ముందే వేరే చోట బోర్డు వేడి చేయించి తెచ్చిన ఫోన్ అయితే మేం తీసుకోకపోవచ్చు కూడా, అప్పుడు మాతో గొడవపడొద్దు. ఫోన్‌కి వారంటీ ఉంటే అసలు మా దగ్గర విప్పించకండి, సర్వీస్ సెంటర్‌కే ఇవ్వండి, మేం విప్పితే ఆ వారంటీ పోతుంది.

వచ్చేటప్పుడు సిమ్ కూడా తీసుకురండి (అది ఇంట్లో పెట్టి ఫోన్ ఒక్కటే తెచ్చేవాళ్లు ఉన్నారు), ఫోన్ లాక్ మీరే తీయండి, మాకు పాస్‌వర్డ్ రాసి ఇవ్వకండి. విప్పాల్సిన ఫోన్ అయితే సాయంత్రం 6 లోపు ఇస్తే మర్నాడు ఇస్తాం. ఆదివారం మధ్యాహ్నం 2 తర్వాత షాపు ఉండదు.