రాజుల కథలు చెబుతూ నడిపించేవాళ్లు మనకూ కావాలి, అదీ తెలుగులో

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం సంచికలో వచ్చే యాత్రా వ్యాసాలు నేను ఒక్కటీ వదలను. లండన్ గురించి ఎప్పుడు రాసినా మాత్రం ఒకటే వరస కనిపిస్తుంది, పొద్దున ఈ భవనం, మధ్యాహ్నం ఆ వంతెన, సాయంత్రం పెద్ద చక్రం ఎక్కి దిగడం. పోయిన వేసవిలో మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు మొదటి వారం మేమూ అలాగే బస్సు పైఅంతస్తులో కూర్చుని ఊరంతా చూశాం. రాత్రి ఇంటికొచ్చి ఫోన్‌లో ఫొటోలు తిప్పుకుంటుంటే ఏది ఏ భవనమో మా ఇద్దరికీ గుర్తు రాలేదు.

రెండో వారం మా అమ్మాయి ఇంకోరకం టికెట్ తీసింది. రాజకుటుంబానికి సంబంధించిన చోట్లన్నీ ఒక గైడ్ వెంట నడుస్తూ చూసి, ఆఖరున ఒక హోటల్లో మధ్యాహ్నం టీ తాగడం. దాని గురించే ఈ ఉత్తరం. అక్కడ మాకు కలిగిన సంతోషం గురించీ, దానితోపాటు నాకు మిగిలిన ఒక బాధ గురించీ.

ముందు మా వారి గురించి చెప్పాలి. ముప్పై ఏళ్లకు పైగా జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ మాస్టారుగా చేసి రిటైరయ్యారు. చదివిందీ తెలుగు మీడియంలోనే, పాఠాలు చెప్పిందీ తెలుగు మీడియంలోనే. ఇంగ్లండ్ మొదటి చార్లెస్ రాజుకు శిరచ్ఛేదం చేసిన పాఠం ఎన్ని వందల మంది పిల్లలకు చెప్పారో లెక్కే లేదు. చీర మీద బూట్లు వేసుకుని బయల్దేరడానికి నేను మొహమాటపడుతుంటే, ఆయన మాత్రం పరీక్షకు వెళ్లే పిల్లాడిలా పొద్దున ఆరింటికే తయారై కూర్చున్నారు.

గ్రీన్ పార్క్ స్టేషన్ దగ్గర కలిశాం. మా గైడ్ అరవై ఏళ్ల ఆవిడ, కోటు మీద నీలం బ్యాడ్జి ఉంది. అక్కడ బ్లూ బ్యాడ్జ్ అంటే పెద్ద గుర్తింపట, బాగా చదివి, పరీక్షలు రాసి పాసైతే గానీ ఇవ్వరు. అది ఎందుకు ఇస్తారో ఆవిడ మాట్లాడటం మొదలుపెట్టాక అర్థమైంది. జనమంతా బకింగ్‌హామ్ ప్యాలెస్ గేటు దగ్గర తోసుకుంటుంటే, ఆవిడ మమ్మల్ని సెయింట్ జేమ్స్ ప్యాలెస్ పక్కకు తీసుకెళ్లింది. కాపలా దిగే సైనికులు బ్యాండుతో బయల్దేరేది అక్కడి నుంచేనని. మాకు పది అడుగుల దూరంలో ఎర్ర కోట్లు, ఎలుగుబంటి తోలు టోపీలు. వాళ్ల కోటు గుండీలు లెక్కపెట్టమంది. గుండీలు ఒక్కొక్కటిగా ఉంటే గ్రెనేడియర్ గార్డులు అనే దళం, రెండేసి ఉంటే కోల్డ్‌స్ట్రీమ్, మూడేసి అయితే స్కాట్స్, నాలుగేసి ఐరిష్, అయిదేసి వెల్ష్. ఈ ఒక్క ముక్క తెలియగానే అప్పటిదాకా ఒకేలా కనిపించిన మనుషులు వేర్వేరుగా కనిపించడం మొదలుపెట్టారు. చూడటానికీ, చెప్పే మనిషి పక్కన ఉండగా చూడటానికీ తేడా ఏమిటో నాకు అక్కడే తెలిసింది.

ఆ సెయింట్ జేమ్స్ ప్యాలెస్‌ను ఎనిమిదో హెన్రీ 1530లలో కట్టించాడు, అంతకుముందు అక్కడ కుష్ఠు రోగుల ఆసుపత్రి ఉండేది. ఈరోజుకీ మన దేశ హైకమిషనర్ గానీ, ఏ దేశపు రాయబారి గానీ బ్రిటన్ వెళితే కాగితాల్లో 'సెయింట్ జేమ్స్ కొలువు'కు నియమితులైనట్టే రాస్తారు. పక్కనే ఉన్న ఇంకో రాజకుటుంబ నివాసం క్లారెన్స్ హౌస్ చూసి, బకింగ్‌హామ్ ప్యాలెస్ ముందుకు వచ్చాం. 775 గదుల ఇల్లు. నాకైతే గదుల లెక్కకంటే జెండా కథ బాగా గుర్తుండిపోయింది. రాజు లోపల ఉంటే రాజ పతాకం, లేకపోతే మామూలు బ్రిటన్ జెండా ఎగురుతుంది. 1997 వరకు ఎలిజబెత్ రాణి ఊళ్లో లేకపోతే ఆ స్తంభం ఖాళీగానే ఉండేదట. డయానా చనిపోయినప్పుడు ఖాళీ స్తంభాన్ని చూసి జనం బాధపడ్డారు, కోపగించుకున్నారు, చివరికి రాణి తరతరాల పద్ధతి మార్చుకోవలసి వచ్చింది.

సెయింట్ జేమ్స్ పార్కులో బెంచీల మీద కాసేపు కూర్చున్నాం, నా మోకాళ్లకు ఆ పది నిమిషాలు చాలా అవసరం. చెరువులో పెలికాన్లు ఉన్నాయి, మన కొల్లేరులో ఆటపాక దగ్గర కనిపించే గూడకొంగలకు చుట్టాలు. 1664లో రష్యా రాయబారి రెండో చార్లెస్ రాజుకు కానుకగా ఇచ్చినప్పటి నుంచి ఆ పార్కులో పెలికాన్లను పెంచుతూనే ఉన్నారు.

పార్కు దాటితే హార్స్ గార్డ్స్, గుర్రాల మీద సైనికులు కాపలా ఉండే భవనం. అక్కడి గడియారంలో రెండు అంకె దగ్గర ఒక నల్లటి మచ్చ ఉంటుంది. రోడ్డుకు అవతల బాంక్వెటింగ్ హౌస్, అంటే పాతకాలపు రాజ విందుల భవనం. 1649 జనవరి 30న మధ్యాహ్నం రెండింటి వేళ ఆ భవనం ముందు కట్టిన వేదిక మీదే మొదటి చార్లెస్ తల నరికారు, ఆ మచ్చ దానికి గుర్తు. చలికి వణికితే జనం భయపడ్డాడనుకుంటారని ఆయన ఆ రోజు రెండు చొక్కాలు వేసుకుని వచ్చాడని గైడ్ చెప్పింది. ఆ మాట మా అమ్మాయి తెలుగులో చెబితే నాకు తెలిసింది. మా వారికి మాత్రం ఆ వాక్యం అందలేదు, ఆయన అప్పటికే నాలుగు మాటలు వెనకబడి ఉన్నారు. ఆవిడ ఇంగ్లీష్ వేగం, ఆ యాస, రోడ్డు మీద బస్సుల చప్పుడు. 'ఏమంది? ఏమంది?' అని మా అమ్మాయి చెయ్యి పట్టుకుని అడుగుతుంటే, తను ఒకటి చెప్పేలోపు గైడ్ ఇంకోటి మొదలుపెట్టేది. ముప్పై ఏళ్లు ఆ పాఠం చెప్పిన మనిషి, సరిగ్గా అది జరిగిన చోట నిలబడి, జరిగిందేమిటో వినలేకపోయారు. నాకు మిగిలిన బాధ ఇదే, ఇప్పటికీ పోలేదు.

వెస్ట్‌మినిస్టర్ అబ్బే అనే పెద్ద చర్చి బయట ఆగినప్పుడు పట్టాభిషేకాల సంగతి వచ్చింది. 1066లో ఇంగ్లండ్‌ను జయించిన విలియం రాజు మొదలు 2023 మే 6న మూడో చార్లెస్ దాకా అక్కడే జరిగాయి. కిరీటాలనగానే నేను ఊరుకోలేక కోహినూర్ గురించి అడిగేశాను. ఆవిడ తప్పించుకోలేదు. 1849లో పంజాబ్‌ను బ్రిటిష్ వాళ్లు కలిపేసుకున్నప్పుడు అక్కడి పదేళ్ల మహారాజు దులీప్ సింగ్ చేత ఒప్పందం మీద సంతకం పెట్టించి తీసుకున్నారని, 186 క్యారెట్ల రాయిని 1852లో ఇక్కడ మళ్లీ సానబట్టి 105 క్యారెట్లకు తగ్గించారని, ఇప్పుడది లండన్ టవర్‌లో ఉందని, 2023లో కమిలా రాణి పెట్టుకున్న కిరీటంలో దాన్ని పెట్టలేదని వివరంగా చెప్పింది. నేను మా అమ్మాయి చేత చెప్పించాను, మాది గుంటూరు, కృష్ణ ఒడ్డున కొల్లూరు గనులు మా వైపే, కోహినూర్ అక్కడే దొరికిందని మావాళ్లు తరతరాలుగా చెప్పుకుంటారు, కచ్చితమైన రుజువు లేకపోయినా ఆ మాట మాకు ఇష్టం, 17వ శతాబ్దంలో తావెర్నియే అనే ఫ్రెంచి వ్యాపారి వచ్చి చూసి అక్కడ 60 వేల మంది పనిచేస్తున్నారని రాశాడు, ఇప్పుడా చోటు పులిచింతల ప్రాజెక్టు నీళ్లలో మునిగింది అని. ఆవిడ చిన్న పుస్తకం తీసి 'కొల్లూరు' అని రాసుకుని, స్పెల్లింగ్ సరిగ్గా ఉందో లేదో మా అమ్మాయిని అడిగి దిద్దుకుంది. అన్నేళ్లుగా చెబుతున్న మనిషి కొత్త విషయం వినగానే రాసుకోవడం చూసి మా వారు ఎంత ముచ్చటపడ్డారో.

నిజాం నెక్లెస్ సంగతి మాత్రం ఆవిడే ఎత్తుకుంది. 1947 నవంబర్‌లో తర్వాత రాణి అయిన ఎలిజబెత్ పెళ్లికి మన ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ కానుకగా ఇచ్చిన, కార్టియర్ అనే నగల కంపెనీ వజ్రాల హారం, ఏది కావాలో పెళ్లికూతుర్నే ఎంచుకోమన్నారు. హైదరాబాద్ ఇంకా ఇండియాలో కలవని రోజులవి. అదే హారాన్ని 2014లో ఎలిజబెత్ మనవడు విలియం భార్య కేట్ పెట్టుకుంది.

ఇక టీ. మన పేపర్లలో దీన్ని చాలామంది 'హై టీ' అని రాస్తున్నారు, అది తప్పని అక్కడే తెలిసింది. హై టీ అంటే కష్టజీవులు పని నుంచి వచ్చాక సాయంత్రం గట్టిగా తినే భోజనం. ఇది మధ్యాహ్నం టీ. 1840ల ప్రాంతంలో బెడ్‌ఫర్డ్ డచెస్ అన్నా అనే ఆవిడకు మధ్యాహ్న భోజనానికీ, బాగా ఆలస్యంగా పెట్టే రాత్రి భోజనానికీ మధ్య ఆకలేసి, టీతో పాటు ఏదో ఒకటి తెప్పించుకోవడంతో ఈ అలవాటు మొదలైందని చెబుతారు. రాజకుటుంబంలో టీ ఫ్యాషన్ అయింది ఇంకా ముందు, 1662లో రెండో చార్లెస్‌ను పెళ్లాడిన పోర్చుగల్ రాకుమారి క్యాథరీన్ వల్ల. మన బొంబాయిని బ్రిటిష్ రాజుకు కట్నంగా తెచ్చిన ఆవిడే ఈవిడ!

మూడంతస్తుల స్టాండు తెచ్చి బల్ల మీద పెట్టారు. కింద వేలంత సన్నగా కోసిన దోసకాయ శాండ్‌విచ్‌లు, మధ్యలో స్కోన్లు అనే వేడి వేడి చిన్న బన్నుల్లాంటివి, పైన కేకులు. కింది నుంచి పైకి తింటూ వెళ్లాలి. స్కోన్‌ను రెండుగా విడదీసి, జామ్, వెన్నలా చిక్కటి మీగడ రాసుకోవాలి. ముందు జామా, ముందు మీగడా అన్న దాని మీద కార్న్‌వాల్ జిల్లా వాళ్లకూ పక్క జిల్లా డెవన్ వాళ్లకూ ఎప్పటి నుంచో వాదన ఉంది, మన దగ్గర పులిహోర ఎవరి ఊరిది బాగుంటుందని వాదించుకున్నట్టు. టీ మనలా పాలల్లో మరిగించరు, టీపాట్లో ఆకు నానబెట్టి తెస్తారు, పాలు విడిగా. అస్సాం అడగండి, మన నాలుకకు అదే దగ్గర. వెళ్లేవాళ్లకు ఒక మాట, శాకాహారం కావాలని టికెట్ తీసుకునేటప్పుడే చెప్పాలి, గుడ్డు తినని వాళ్లు ఆ సంగతి విడిగా చెప్పాలి, లేకపోతే స్కోన్లు, కేకులు రెండూ వదులుకోవాల్సి వస్తుంది. నాకు రుచి కంటే ఆ గంటసేపు కూర్చోవడం నచ్చింది. రెండున్నర గంటలు నడిచి విన్నదంతా అప్పుడే మనసులో కుదురుకుంది. మా అమ్మాయి మొత్తం మళ్లీ మొదటి నుంచి తెలుగులో చెప్పింది, మా వారు అప్పుడు విన్నారు. రెండు చొక్కాల ముక్క దగ్గర టీ కప్పు కింద పెట్టేసి అలా ఉండిపోయారు.

ఇండియా వచ్చాక మా అబ్బాయి పిల్లలతో కలిసి మన కోటల్లో ఒకదానికి వెళ్లాం, పేరు రాయను. అక్కడొకాయన వెంటపడి, డబ్బు ముందే తీసుకుని, పావుగంట హిందీలో ఏదో చెప్పి, ఇంకో బృందం కనబడగానే వెళ్లిపోయాడు. పిల్లలు ఫొటోలు దిగారు, అంతే. ఆయన్ని తప్పుబట్టను, ఆయనకు ఎవరు నేర్పారు గనక, జీతం ఎవరు ఇస్తున్నారు గనక.

అందుకే నేను అడుగుతున్నాను. చార్మినార్ నుంచి చౌమహల్లా ప్యాలెస్‌కు మెల్లగా నడిచినా ఎంతోసేపు పట్టదు. 1591లో కట్టిన చార్మినార్ దగ్గర మొదలుపెట్టి, మక్కా మసీదు ఆవరణలో నిజాంల సమాధులు చూపించి, లాడ్ బజార్ గాజుల దుకాణాల మీదుగా చౌమహల్లాకు తీసుకెళ్లి, 1750లో మొదలైన ఆ నిజాంల కట్టడం అయిదో నిజాం అఫ్జల్ ఉద్దౌలా కాలంలో పూర్తికావడానికి నూరేళ్లకు పైగా ఎందుకు పట్టిందో చెప్పి, దర్బారు హాల్లో 19 షాండ్లియర్ల కింద నిలబెట్టి, ఆఖరున ఇరానీ చాయ్, ఆ ఏడో నిజాం పేరు మీదే వచ్చిన ఉస్మానియా బిస్కెట్. ఇంతకంటే మంచి రాచ నడక, రాచ టీ ఎక్కడ దొరుకుతుంది చెప్పండి. వారంలో రెండు రోజులు, ఫలానా టైముకి, ఫలానా ధరకి, తెలుగులో. శిక్షణ ఇచ్చి, పరీక్ష పెట్టి, బ్యాడ్జి ఇచ్చి, గౌరవంగా జీతం ఇవ్వాలి. పర్యాటక శాఖలు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి, చరిత్ర ఎంఏ చదివి ఉద్యోగం లేక కూర్చున్న పిల్లలు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. లండన్‌లో ఉన్న మన తెలుగు పిల్లల్లో కూడా ఒకరిద్దరు ఆ బ్లూ బ్యాడ్జ్ చదువు చదివితే, ఏటా పిల్లల దగ్గరికి వెళ్లి కిటికీ పక్కన కూర్చుని కాలం గడిపే అమ్మానాన్నలకు ఎంత మేలు చేసినవాళ్లవుతారో.

మా వారికి ఇప్పుడు 71 ఏళ్లు. మోకాళ్లు బాగానే ఉన్నాయి, గొంతు ఇంకా క్లాసు చివరి బెంచీ దాకా వినబడుతుంది. మన దగ్గర ఇలాంటి నడక ఎవరైనా మొదలుపెడితే జీతం లేకుండా నేర్చుకుని చెప్పడానికి సిద్ధమని, ఆ మాట తప్పకుండా రాయమని పక్కనే కూర్చుని చెబుతున్నారు. పేరు ఎక్కడ ఇవ్వాలో, ఎవరిని కలవాలో మీకు తెలిస్తే దయచేసి మీ పత్రికలో వేయండి.

ఇట్లు,
మీ పాఠకురాలు,
గుంటూరు.