పువ్వు పక్కకు జరిగిన చోట

గట్టుప్పల్,
ఆదివారం

బిడ్డా,

నీ కథ రెండుసార్లు చదివాను. అమ్మకూ చదివి వినిపిస్తే కండ్లనీళ్లు పెట్టుకుంది. నాకే ఎక్కడో పంటి కింద రాయి తగిలింది.

దిగులు వచ్చిన ప్రతిచోటా నువ్వు ఒక సీసా పెట్టావు, బయట వాన పెట్టావు. ఇది దేవదాసు మనకు అంటించిన అలవాటు. బెంగాలీ రచయిత శరత్ బాబు నవల 1917లో వచ్చింది, తెలుగు సినిమా 1953లో. ఇప్పటికీ ఎవడైనా గడ్డం పెంచితే దేవదాసే అంటాం. నన్నడిగితే ఆ నవలలో గుండె పిండేది గుమ్మం. చచ్చేలోపు ఒక్కసారి వస్తానని పార్వతికి మాట ఇచ్చినవాడు, ఆమె ఇంటి ముందు దాకా వచ్చి లోపలికి పోలేక ప్రాణం విడుస్తాడు. ఇంట్లోవాళ్లకు ఎదురు చెప్పలేకపోయిన నాడే వాడు బయట నిలబడిపోయాడు. తాగుడు తర్వాతి సంగతి.

మీ కాక విషయమూ అంతే. (ఆయన్ను అడిగే రాస్తున్నా.) తాగి చెడిపోయాడని ఊరంతా అంది, నేనూ అన్నాను. ముందు చెడింది ఆయన నేసే చీర. ఇక్కత్‌లో పువ్వు ముందే నూలు మీద రంగై ఉంటుంది. నాడె వేసిన ప్రతిసారీ పేక పోగును, అంటే అడ్డం పోగును, అటో ఇటో కొంచెం లాగి గుర్తుకు కలపాలి, లేకుంటే పువ్వు అంచు చెదురుతుంది. వెంట్రుకవాసి తప్పని చెయ్యి కాకది. ఆ ఏడాది మూరెడు నేతలో ఒక్క పువ్వూ కుదరలేదు. నేనేమో "అద్దాలు మార్చుకోరా" అన్నాను. అన్నం సగంలో లేచేవాడు, రాత్రి మూడింటికే మెలకువ. కల్లు దుకాణం గడప తొక్కింది ఆ తర్వాత రెండు నెలలకు.

ఇంకోటి. నీ హీరో సీసాను కాలువలో విసిరి, తెల్లారి తలస్నానం చేసి మామూలు మనిషైపోయాడు. అట్లా ఉండదమ్మా. రోజూ బాగా తాగేవాళ్లు ఒక్కసారిగా మానితే రెండు మూడు రోజుల్లో చేతులు వణకొచ్చు, లేనివి కనబడొచ్చు, ఫిట్స్ కూడా రావచ్చు. కాక గోడ మీద లేని చీమలను తుడుస్తూ కూర్చుంటే చిన్నమ్మ బెదిరిపోయి దవాఖానకు తీసుకుపోయింది. "తాగకముందు ఎట్లుండేవాడు?" అని అడిగిన మొదటి మనిషి అక్కడి డాక్టరమ్మే. దిగులుకు కూడా మందు రాసింది.

సీసాను తీసెయ్యమనను. ఆలస్యంగా రానియ్యి, అంతే.

ఆ చీర ముక్కను సేటు తీసుకోలేదు, నా సందూకలో ఉంది. దసరాకు వచ్చినప్పుడు కాకనే చూపించమను. మొదటి పువ్వు ఎక్కడ జరిగిందో వేలు పెట్టి చూపిస్తాడు.

మీ నాన్న